విడుచుటయా, అర్పించుటయా?

మనుష్యుడు తలపై మోయు బరువును సాయంకాలమునకు దింపుకొనును. మనస్సున మోయు బరువును మాత్రము పడకమీదికి కూడ వెంట తీసుకొనిపోవును. నలుగురిలో వినవలసివచ్చిన నిష్ఠురపు మాట, అన్నదమ్ముల పంపకమున జరిగిన అన్యాయము, తిరిగిరాని అప్పు, అకాలమున దూరమైన బంధువు - ఇవి ఏండ్లు గడచినను నిన్నటివలెనే బాధించును. వీనిని విడుచుట ఎట్లు? విడిచినచో వానితోపాటు న్యాయమును కూడ విడిచినట్లగునా? సంసారమున నున్న ప్రతి శరణునకును ఈ ప్రశ్న ఏదో ఒకనాడు ఎదురుకాక తప్పదు.

పాశ్చాత్య దేశములలో ఈ విడుచుటనే ఒక నిత్యాభ్యాసముగా బోధించినవారు కలరు. అమెరికా దేశీయుడగు లెస్టర్ లెవెన్‌సన్ 1952లో తీవ్రమైన గుండెజబ్బునకు లోనై, తన జీవితమునందలి కోపతాపములను ఒక్కొక్కటిగా పరిశీలించి విడిచితిననియు, దానివలన స్వస్థుడనైతిననియు చెప్పుకొనెను. ఆయన 1994 వరకు జీవించెను. ఆయన బోధ సెడోనా పద్ధతి అను పేర వ్యాప్తిలోనికి వచ్చినది. మనోవైద్యుడైన డేవిడ్ హాకిన్స్ 2012లో వెలువరించిన గ్రంథమునకు కూడ ఈ విడుచుటయే విషయము. లెవెన్‌సన్ కోలుకొనుటకు ఆయన చెప్పిన కారణమే నిజమైన కారణమని నిశ్చయింప వీలులేదు. ఐనను పద్ధతి యొక్క సారము పరిశీలింపదగినదే.

ఆ సారము మిక్కిలి సులభము. కోపము వచ్చినపుడు దానిని అణచరాదు, ఎదుటివానిపై వెడలగ్రక్కరాదు, పనులలోబడి మరచిపోవుటకును యత్నింపరాదు. కొంతసేపు కూర్చుండి అది దేహమున ఎచ్చట ఎట్లున్నదో చూడవలయును. ఎవరు ఏమనిరి, ఎవరిది తప్పు అను వాదమును ప్రక్కన నుంచి, కేవలము ఆ వేడిని ఉండనీయవలయును. పిదప దీనిని విడువగలనా, విడుచుటకు సమ్మతింతునా, ఎప్పుడు అని తన్ను తాను ప్రశ్నించుకొనవలయును. పోరాటము లేనిచోట ఆవేశము క్రమముగా తగ్గునని వారి అనుభవము.

అణచరాదనుటలో యుక్తి కలదు. 1987లో డేనియల్ వెగ్నర్ అను మనశ్శాస్త్రవేత్త తన సహచరులతో గూడి విద్యార్థులపై ఒక పరీక్ష జరిపెను. ఐదు నిమిషములపాటు తెల్లని ఎలుగుబంటిని తలపవలదని వారిని కోరెను. వలదన్న తలపే వారికి మరల మరల వచ్చెను. పైగా ఆ నిషేధము తొలగిన పిమ్మట, మొదటినుండి తలచుటకు అనుమతి పొందినవారికంటె వీరికే ఆ తలపు అధికముగా కలిగెను. బలిమితో మూసిన తలుపు వెనుక మనస్సు ఊరకుండదని దీనివలన తెలియుచున్నది.

దీనిని నిత్యజీవితమున పరీక్షింపవలయుననిన దూరము పోనక్కరలేదు. నర్సీపట్నమునకు చేరువనున్న నాతవరం మండలమున తాండవ జలాశయము కలదు. దాని నీరు నేటి అనకాపల్లి, కాకినాడ జిల్లాల పొలములకు పారుచున్నది. కాలువ ఉన్నచోటనెల్ల ఎగువ పొలము, దిగువ పొలము అను భేదముండును. వంతు తప్పినచో శివారు రైతునకు మిగులునది ఎండిన బోదె మాత్రమే. అట్టి శివారు గృహస్థు నొకనిని ఊహించవచ్చును. రాత్రి తన వంతు నీటిని ఎగువవాడు గట్టుతెగగొట్టి మళ్లించుకొనెను. తెల్లవారునప్పటికి మడి తడియలేదు. ఆ గృహస్థు ఇంటికివచ్చి స్నానముచేసి, ఇష్టలింగమును కరస్థలమున నుంచుకొని పూజకు కూర్చుండెను. చేతిలో లింగమున్నది. కన్నులలో మాత్రము ఆ తెగిన గట్టే యున్నది.

ఇప్పుడతడు చేయవలసినదేమి? కోపము లేనట్లు నటించి మంత్రము జపించుట అణచుట యగును. పూజ విడిచి పలుగు చేతబట్టి పోవుట వెడలగ్రక్కుట యగును. వీరశైవమున ఈ రెండింటికంటె భిన్నమైన మార్గము కలదు. లింగమునకు అర్పింపని పదార్థమును భక్తుడు స్వీకరింపరాదని మన ఆచారము. ఒక ఫలమును, ఒక గ్రుక్కెడు నీటిని సైతము అర్పించి ప్రసాదముగా గైకొనువారు, కోపమును మాత్రము అర్పింపకయే భుజించుచున్నారు! నాలుకకు వచ్చు అన్నమునకు గల నియమము నాలుకనుండి వెడలు మాటకు ఏల ఉండరాదు?

అర్పించుటకు ముందు వస్తువును చేతిలోనికి తీసుకొనవలయును. వీపు వెనుక దాచినదానిని ఎవడును అర్పింపజాలడు. కావున ఆ గృహస్థు అనిమిషదృష్టితో లింగమును చూచుచునే, “ఈ కోపము నాలోనున్నది, ఇది ఇంతటిది” అని అంగీకరింపవలయును. నవ్య పద్ధతి చెప్పు పరిశీలనము ఇదియే. కాని అచ్చట విడిచినది ఎచ్చటికి పోవునన్న ప్రశ్నకు తావులేదు. ఇచ్చట అది పారవేయబడుట లేదు, సమర్పింపబడుచున్నది. పారవేసినవాడు తేలికపడును. సమర్పించినవాడు తేలికపడుటయే గాక, తిరిగివచ్చిన ప్రసాదమునకు బాధ్యుడు కూడ నగును. కోపమునుండి వేడి తొలగిన పిమ్మట మిగులునది కర్తవ్యము. ఆ ప్రసాదము అదియే.

ఇచ్చటనే అసలు చిక్కు కలదు. కోపము పోయినచో వంతు నీటిమాట ఏమగును? ఓర్చుకొనుమని చెప్పుట బలవంతునకు లాభము కాదా? దీనికి బసవేశ్వరుని జీవితమే సమాధానము. ఆవులను దొంగలు తోలుకొనిపోయిన సందర్భముననే ఆయన వచనమొకటి కలదు. అచ్చట పాలు త్రాగువాడును, ఇచ్చట త్రాగువాడును సంగయ్యయే అను భావముతో, బొబ్బలు పెట్టవలదని ఆయన తనవారిని వారించెను. నష్టము తనది. కావున విడుచుట ఆయనకు చెల్లినది.

కల్యాణమున హరళయ్య, మధువరసుల కుటుంబములు వర్ణభేదమును దాటి వియ్యమందినందుకు బిజ్జలుడు వారిని క్రూరముగా దండించెనని సంప్రదాయము చెప్పుచున్నది. అప్పుడు బసవేశ్వరుడు శరణులను ఊరకుండుడని బోధింపలేదు. దండనాయక పదవిని, వైభవమును వదలి కూడలసంగమమునకు వెడలిపోయెను. పరుల బాధను ఆయన విడువలేదు. ఆ బాధకు కారణమైన అధికారముతో తనకుగల పొత్తునే విడిచెను. పిమ్మట కల్యాణమున బిజ్జలుని వధయు, రక్తపాతమును జరిగెను. శరణులు చెల్లాచెదరైరి. అర్పింపని క్రోధము న్యాయమైన కారణమున పుట్టినను ఎంతదూరము పోవునో ఆ చరిత్ర తెలుపుచున్నది.

కావున తన నష్టమువలన కలిగిన మంటను విడుచుట ధర్మము. ఇరుగుపొరుగువారి హక్కును విడిచిపెట్టుట ధర్మము కాదు. పూజనుండి లేచిన శివారు గృహస్థు తనతోపాటు ఎండిన మడులుగల రైతులను కూర్చుకొని, ఎగువవాని యొద్దకు పోయి శాంతముగా అడుగవచ్చును. అతడు వినకున్న అధికారులకు అర్జీ పెట్టవచ్చును. చేయు పని మారకపోవచ్చును, చేయు చేయి మారును. పగతో వ్రాసిన అర్జీలో ఎదుటివాని నాశనము కోరబడును. పగ విడిచి వ్రాసిన అర్జీలో నీరు మాత్రమే కోరబడును. మరునాడు అదే గట్టుపై ఎదురుపడినప్పుడు ఇరువురును పలుకరించుకొనుటకు దారి మిగులును.

మరియొక హెచ్చరిక అవసరము. విడుచుట తనకు తాను చేసికొనవలసిన సాధనయే గాని ఇతరులకు విధింపదగిన ఆజ్ఞ కాదు. దెబ్బలు తినుచున్న కోడలితో “విడిచిపెట్టుము తల్లీ” యనుట బోధ కాదు, కొట్టువానికి సహాయము. బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి కూడ తొందరపాటు బోధ చేయరాదు. ఆమె ప్రక్కన కూర్చుండి ఆ దుఃఖమును పంచుకొనుటయే అప్పటికి దాసోహము. నిద్రాహారములు నశించి దినములు గడచుచున్న వారిని వైద్యుని యొద్దకు తీసుకొనిపోవలయును.

ఈ అభ్యాసము ఒక్కనాటితో సిద్ధింపదు. నేడు అర్పించిన కోపము రేపు అదే గట్టుకడ మరల లేచును. అది ఓటమి కాదు. నిన్న అన్నము అర్పించితిమని నేడు అర్పింపక భుజించువారు లేరుగదా! ప్రతిదినము ఆకలి వచ్చినట్లే ఆవేశమును వచ్చును, ప్రతిదినము అర్పణమును జరుగవలయును. రాత్రి శయనించుటకు ముందు, ఆ పగటిలో అర్పింపక మ్రింగిన మాట ఏదియో ఒక్కదానిని జ్ఞప్తికి తెచ్చుకొని కరస్థలమున నుంచిన చాలును. తెల్లవారి బోదెలో నీరు వచ్చినను రాకున్నను, మంచముమీదినుండి లేచువాడు రాత్రి పండుకొన్నవానికంటె తేలికగా లేచును. ఆ తేలికదనముతోనే తన కాయకమునకు, తన పొరుగువాని న్యాయమునకు నడచును.