ఏర్కాడు తోటలో ఒక పూట



ధర్మపురిలో ఎండ మాడు పగలగొడుతుంటే, పిల్లలతో తెల్లారగానే బయలుదేరండి. తొప్పూరు కనుమ దిగి, సేలం దాటి, ఇరవై హెయిర్‌పిన్ మలుపులు ఎక్కితే ఏర్కాడు. భారత వృక్ష సర్వేక్షణ సంస్థ 1963లో నెలకొల్పిన ఉద్యానం అక్కడుంది. ఏర్కాడు వచ్చేవాళ్లలో పడవ షికారుకు వెళ్లేవాళ్లే ఎక్కువ. నా మాట విని, ముందు ఈ తోటకు వెళ్లండి.

అక్కడి ఆర్కిడ్ల దగ్గర కాసేపు ఆగండి. చెట్టు కొమ్మ మీద పుట్టింది కదా, బదనికేమో అనుకుంటాం. కాదు. బదనిక చెట్టు రసం పీలుస్తుంది, ఆర్కిడ్ కొమ్మ మీద చోటు మాత్రమే అడుగుతుంది. గాలిలో వేలాడే దాని వేళ్లను చూడండి. ఎండినప్పుడు బూడిద తెలుపు. నాలుగు చినుకులు పడితే చాలు, చూస్తుండగానే పచ్చబడతాయి. వేరు మీది స్పాంజి లాంటి పొర నీటిని పట్టేస్తుంది, లోపలి పచ్చదనం బయటికి కనిపిస్తుంది.

పురుగులను తినే కూజా మొక్క కూడా అక్కడుంది. సొంత ఊరు మేఘాలయ కొండలు. ఆకు కొసే కూజాగా మారుతుంది, పైన మూత కూడా. అంచు మీద వాలిన చీమ జారి లోపలి నీళ్లలో పడుతుంది. నేలలో సత్తువ లేని చోట ఆ మొక్క నేర్చుకున్న బతుకుతెరువు అది.

పిల్లలను వంగి చూడనివ్వండి, తొందరపెట్టకండి. ఒక్క పువ్వునూ తుంచనివ్వకండి.