ఎన్ని సున్నాలు?

2010 నవంబరులో ఆ అంకె టీవీలో వచ్చినప్పుడు నేను ఎం.ఏ. చదువుతూ సెలవులకి నెల్లూరు జిల్లాలోని మా ఊళ్ళో ఉన్నాను. 2జీ స్పెక్ట్రమ్ కేటాయింపుల వల్ల ఖజానాకి 1,76,645 కోట్ల దాకా నష్టం వచ్చి ఉండొచ్చని కాగ్ అంచనా. అమ్మ పప్పు ఏరుతూ "అందులో ఎన్ని సున్నాలే?" అంది. నాకు వెంటనే తట్టలేదు. వేళ్ళు మడిచి చూసుకున్నాను. లక్ష కోట్లంటే ఒకటి పక్కన పన్నెండు సున్నాలు. (ఆ కేసులో నిందితులందరినీ 2017 డిసెంబరులో ప్రత్యేక కోర్టు నిర్దోషులంది. ఇక్కడ నా బాధ నేరం గురించి కాదు, అంకె గురించి.)

సెకనుకొక రూపాయి చొప్పున లెక్కపెడితే లక్షకి ఇరవై ఎనిమిది గంటలు, కోటికి దాదాపు నాలుగు నెలలు పడుతుంది. లక్ష కోట్లకి 31 వేల ఏళ్ళు పైనే. నోట్లో కోటి, లక్ష కోట్లు పక్కపక్కనే పలుకుతాయి, మనసులో కూడా అలాగే కూర్చుంటాయి. పోనీ భాగిస్తే? 2011 జనాభా 121 కోట్లకి పంచితే మనిషికి 1,460 రూపాయలు. ఇంతేనా అనిపిస్తుంది. గుణిస్తే అందదు, భాగిస్తే చిన్నబోతుంది. రెండు విధాలా కోపం చల్లారిపోతుంది.

చిన్న మొత్తాల దగ్గర మాత్రం మన కోపం ఎంత చురుకో! సారా వ్యతిరేక పోరాటం తర్వాత మా జిల్లాలో మొదలైన రోజుకి రూపాయి పొదుపు మా ఊరికీ వచ్చింది. అమ్మ సంఘం పుస్తకం కొన్నాళ్ళు నేను రాశాను. ఒక సాయంత్రం నలభై రూపాయలు తేడా వచ్చింది. పదిహేనుమందిమి దీపాలు పెట్టే వేళ దాకా కూర్చున్నాం. అనుమానం కూలికెళ్ళే ఒకామె మీదికి పోయింది. ఎందుకు ఆమె మీదికే అని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఆమె లేచి నిలబడి చెంగు ముడి విప్పి అందరికీ చూపించింది. తప్పు నా కూడికలో ఉందని రాత్రి ఇంటికెళ్ళాక తెలిసింది. మర్నాడు పోయి చెప్పాను. "పోన్లే అమ్మా" అంది. మళ్ళీ సమావేశానికి రాలేదు.

2010 అక్టోబరులో మైక్రోఫైనాన్సు వసూళ్ళ మీద ఆర్డినెన్సు వచ్చేదాకా మన రాష్ట్రంలో వాయిదా కట్టలేని మనిషి గుమ్మం ముందు తోటి సభ్యులే కూర్చోవాల్సి వచ్చింది కదా. పైసా పైసాకీ జవాబుదారీతనాన్ని పేద స్త్రీల మీద పెట్టి, సున్నాల మబ్బుని పైవాళ్ళకి వదిలేశాం. పెద్ద అంకె అర్థం కాకపోవడం అమాయకత్వమని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది ఒక సౌకర్యం కూడానేమో.

నా పాఠాల్లోనూ అదే చేశాను. భారత స్త్రీల జీతంలేని చాకిరీ విలువ ఏడాదికి కనీసం 19 లక్షల కోట్లని ఆక్స్‌ఫామ్ 2020లో అంది. ఆ అంకెని నినాదంలా ఎన్నిసార్లు వాడానో! సెకనుకి రూపాయి లెక్కన ఆరు లక్షల ఏళ్ళు. అంత పెద్ద దాంట్లో మా అమ్మ ఏరిన పప్పు ఎక్కడుంది? 2019 కాల వినియోగ సర్వేలో ఇంటిపని చేసే స్త్రీ రోజుకి 299 నిమిషాలు, పురుషుడు 97 నిమిషాలు ఆ పని మీద గడుపుతున్నారని తేలింది. ఇది చెప్పగానే తరగతిలో అమ్మాయిలు గడియారం చూసుకుంటారు. అబ్బాయిలు ఎటో చూస్తారు.

మొన్న అమ్మకి ఫోన్లో ఈ 299 చెప్పాను. కాసేపు ఆగి, "పండగ రోజులు కలిపా, కలపకుండానా?" అని అడిగింది.