చూరున దోపిన చాకులు

మధ్య అమెరికా యాత్రకు వెడలినవారు సాధారణముగా గ్వాటెమాలా, హోండురాసులయందలి మాయా దేవాలయముల సోపానములెక్కి, రాజుల శిలాప్రతిమలకు తలలూపి మరలుదురు. శ్రోతలారా, వారిలో నెవరైన నొక్క దినము మిగుల్చుకొని ఎల్ సాల్వడార్‌లోని హోయా దె సెరెన్ అను పల్లెను దర్శించినచో, ఆ దినమే యాత్రకెల్ల తలమానికమగునని నా నమ్మకము. సుమారు 1400 సంవత్సరముల క్రిందట లోమా కాల్డెరా అను అగ్నిపర్వతము బ్రద్దలై ఈ కర్షకుల యిండ్లను బూడిదలో పూడ్చివైచినది. 1976లో ధాన్యపు గాదెలకై నేలను చదును చేయుచున్న బుల్డోజరు తగిలి యవి బయల్పడినవి.

ఇచ్చట రాజు లేడు, విజయశాసనము లేదు. కుండలలో చిక్కుడుగింజలు, పిల్లల చేతికందకుండ చూరున దోపిన అగ్నిశిలల చాకులు, చాళ్ళలో నిలిచిన మొక్కజొన్న, ఆవిరిస్నానమునకై కట్టిన గుమ్మటపు గది, ఒక పాత్రలో భుజించినవారి వ్రేళ్ళ జాడ. మనుష్యకళేబర మొక్కటియు నింతవరకు దొరకలేదు. ఎంగిలిచేతులతోనే పరుగెత్తిరి కాబోలు! 1993లో యునెస్కో ప్రపంచవారసత్వపు పట్టికలో చేర్చిన యీ స్థలమున, భోజనవేళయైనదని మార్గదర్శకుడు తొందరపెట్టినను కదలకుడు. పిరమిడ్ల యెదుట కావలసినంత తొందరపడవచ్చును.