స్వధర్మాన్వేషణము

మాజీ సైనికుల నివాసార్థమై వెలసిన సైనిక్‌పురిలో ఒకనాటి ప్రభాతమున, ఇక ఏ పరేడునకును పోవలసిన పని లేకున్నను అరుగుపై కూర్చుండి బూట్లకు పాలిష్ పట్టించుచున్న యొక వృద్ధ హవల్దారును చూచి నిలిచిపోయితిని. "చిన్నాయనా, నాలుగేండ్లు కోచింగుకే పోయినయ్, ఇప్పుడెట్ల ఇడిసిపెట్టాలె?" అని అన్నకొడుకు అడుగుచుండెను. "పోయినయ్ లెక్కపెట్టకు బిడ్డా, ఉన్నయ్ లెక్కపెట్టు" అని ఆయన తలయెత్తకయే పలికెను.

గతజలసేతుబంధన మనెడి యీ భ్రాంతి మనలో నెంత లోతుగా నాటుకొన్నదో! అయితే దీనికి విరుద్ధమైన భ్రాంతియు నొకటి కలదు. శోకమునే వైరాగ్యమనుకొని, భిక్షాటనమే మేలనిన అర్జునుని భ్రాంతి యది. కాయక్లేశభయముచే కర్మను విడుచుట రాజసత్యాగమనియు, దానికి త్యాగఫలము లేదనియు గీత 18వ అధ్యాయము స్పష్టపఱచినది. కనుక మానుట తప్పు కాదు, ఏ కారణముచే మానుచున్నామో యెఱుగకుండుటయే తప్పు.

ఏది మానవలెనో, ఏది పట్టవలెనో తేల్చునది స్వధర్మము. దానిని జన్మతో ముడిపెట్టువారితో నే నేకీభవింపను. గీతయే దానిని స్వభావముతో ముడిపెట్టినది. కాని అర్జునునికి తన స్వభావము తెలియును, ఇరువదేండ్ల యువకునికి తెలియదు. పని చేసి చూచినగాని యది బయటపడదు. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకమున నాలుగేండ్ల పిమ్మట 25 శాతమునకు మించి సైన్యమున నిలువరు గనుక, తక్కినవారు 'నా స్వభావ మేది?' యను ప్రశ్నను యౌవనముననే రెండవమాఱు ఎదుర్కొనవలసినదే.

యువకుడు మాఱుమాటాడలేదు. హవల్దారు రెండవ బూటు నందుకొనెను.