అడిగితే చెబుదాం

మా వరండా గచ్చుమీద, గోడకి మూరెడు ఇవతల, రూపాయి బిళ్లంత నూనె మరక ఒకటి ఉండేది. రోజూ పొద్దున్నే వరండా కడిగేది నేనే కాబట్టి ఇంట్లో అందరికన్నా ముందు దానితో పరిచయమైంది నాకే. ఇవాళ కడిగితే రేపటికి మళ్లీ తయారు. నాలుగు నెలలు తిరిగేసరికి రూపాయి బిళ్ల కాస్తా అప్పడమంత అయింది. ఎన్నోసార్లు విసుక్కున్నాను గానీ, అది ఎక్కణ్ణించి వస్తోందని ఒక్కసారీ అడగలేదు. మరక కనిపిస్తే తుడవాలనే తప్ప, దాన్ని గురించి ఆలోచించాలని మనకెవరు నేర్పారు గనక!

అది మా మామగారి మోటారుసైకిలు నిలబెట్టే చోటు. యమహా ఆర్‌ఎక్స్ 100. ఆయన 1992లో కొన్నారు. ఆయన పోయాక మావారు అప్పుడప్పుడు దాన్ని తీసి, తుడిచి, బజారుదాకా తిప్పి తెచ్చేవారు. ఆ మోడలు తయారీ 1996లోనే ఆగిపోయింది. అందుకే కాబోలు, ఇప్పటి కుర్రాళ్లు దానికోసం ఊళ్లంట తిరుగుతున్నారు. మా బండికీ ఓ బేరం వచ్చింది. ఆదివారం చూడ్డానికి వస్తామన్నారు. ఆ లోపల ఒకసారి చూపిద్దామని మావారు మెకానిక్కుని పిలిచారు.

ఆయన పెద్దవాడు. బండికి పక్కనున్న మూత విప్పి లోపలికి తొంగిచూసి, "మీ మరక ఇదిగోనమ్మా," అన్నాడు. చిటికెన వేలికన్నా సన్నని గొట్టం. దాని చివర ఎవరో ఎప్పుడో చుట్టిన నల్లటేపు. టేపు విప్పితే లోపల రబ్బరు బీటలు వారి ఉంది. వేలితో వంచబోతే ఎండిన ములక్కాడలా పెళుసుగా ఉంది.

"ఏముంది, కాస్త నూనె కారితే ఏమవుతుంది?" అన్నాను.

ఆయన ఓపిగ్గా చెప్పాడు. ఈ బండికి పెట్రోలు వేరు, నూనె వేరు. పక్కమూత వెనకాల చిన్న డబ్బాలో నూనె పోస్తారు. అక్కణ్ణించి గొట్టంలోంచి పంపుకి, పంపునించి ఇంకో గొట్టంలోంచి ఇంజనుకి చుక్కచుక్కగా వెళ్లి, పెట్రోలుతో కలిసి కాలిపోతుంది. పిస్టను ఒరుసుకోకుండా తిరుగుతోందంటే ఆ నాలుగు చుక్కల చలవే. ఏళ్ల తరబడి వేడికి రబ్బరు గట్టిపడుతుంది. పగిలిన చోట నూనె బయటికి పోతుంది, లేదా గాలి లోపలికి పోతుంది. రెండూ ఒకటే. నూనె అందకపోతే పిస్టను కాగి, ఉబ్బి, సిలిండరులో పట్టేస్తుంది. అప్పుడు వెనక చక్రం ఉన్నపళంగా బిగుసుకుపోతుంది.

"బండి జోరుమీదుంటేనో?" అన్నాను.

"అందుకేగా అమ్మా చెబుతున్నాను," అన్నాడు.

గొట్టాలు రెండూ మార్చాడు. కొత్తవి తొడిగి, క్లిప్పులు బిగించి, పంపులో చేరిన గాలి బుడగలన్నీ పోయేదాకా నూనె వదిలాడు. గాలి మిగిలిపోతే కొత్త గొట్టం ఉన్నా ఇంజను ఎండిపోతుందిట. కొన్నాళ్లు జాగ్రత్తకోసం పెట్రోల్లో కూడా కాస్త నూనె కలపమన్నాడు. గొట్టాల ఖరీదు మా ఇంటి కూరల ఖర్చుకన్నా తక్కువ. వెళ్తూ వెళ్తూ మాత్రం ఒక మాట అనేసి వెళ్లాడు. "గొట్టమైతే మార్చాను బాబూ. ఇన్నాళ్లూ నూనె సరిగ్గా అందక లోపల పిస్టను ఏమైనా గీసుకుందేమో, ఇంజను విప్పితే తప్ప చెప్పలేను."

ఆ రాత్రి భోజనాల దగ్గర అడిగాను. "రేపు వచ్చేవాళ్లకి ఈ సంగతి చెబుతారా?"

మావారు చెడ్డమనిషి కాదు. కిరాణా కొట్టువాడు పొరపాటున పది రూపాయలు ఎక్కువిస్తే ఎండలో వెనక్కి వెళ్లి ఇచ్చి వస్తారు. అలాంటి మనిషి, మజ్జిగ పోసుకుంటూ, "గొట్టం మార్పించాంగా. ఇంక చెప్పడానికేముంది? చెప్పామంటే వేలకు వేలు తగ్గించమంటారు. అడిగితే చెబుదాం," అన్నారు.

అడిగితే చెబుదాం! అబద్ధం కాదు. అలాగని నిజమూ కాదు. అడగందే అమ్మయినా పెట్టదని మనకో సామెత ఉంది గానీ, అందులో అమ్మ పెట్టనిది అన్నం. మనం పెట్టనిది ప్రమాదం కబురు.

బి.ఏ.లో తత్వశాస్త్రం చదివిన రోజులు గుర్తొచ్చాయి. క్రీస్తుపూర్వం 44లో రోముకు చెందిన సిసిరో అనే ఆయన, ఏథెన్సులో చదువుకుంటున్న కొడుకుని ఉద్దేశించి ధర్మాధర్మాలమీద ఓ పుస్తకం రాశాడు. అందులో ఒక వర్తకుడి సంగతి వస్తుంది. రోడ్స్ ద్వీపంలో కరువు. వర్తకుడు అలెగ్జాండ్రియానించి ఓడనిండా ధాన్యం తెచ్చాడు. వెనకాల ఇంకా చాలా ధాన్యం ఓడలు వస్తున్నాయని అతనికి తెలుసు. ఆ మాట చెబితే ధర పడిపోతుంది. చెప్పాలా, ఊరుకోవాలా? ఇద్దరు తత్వవేత్తలు చెరో పక్షం వహిస్తారు. చట్టం చెప్పమన్నంతవరకూ చెప్పి, మిగతాది ఊరుకోవచ్చునంటాడు డయోజనీస్. తెలిసిందంతా చెప్పి తీరాలంటాడు ఆంటీపేటర్. సిసిరో ఆంటీపేటర్ వైపు మొగ్గాడు. మాట్లాడకపోవడం ఒకటి, ఎదుటివాడికి తెలియవలసిన దాన్ని మన లాభంకోసం తెలియనివ్వకపోవడం ఇంకొకటీ అని తేల్చాడు. పరీక్షలో దీన్ని రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. మార్కులు తెచ్చుకోవడం ఎంత తేలికో!

ఆదివారం పొద్దున్నే మా మరిది వచ్చాడు. వకీలు. పెసరట్టు తింటూ సంగతంతా విని నవ్వాడు.

"మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. అందులో పదిహేడో సెక్షను మీకోసమే రాసినట్టుంది వదినా. ఒకాయన గుర్రాన్ని వేలంలో అమ్ముతాడు. దానికి జబ్బుందని తనకి తెలుసు. నోరు విప్పడు. అది మోసం కాదంటుంది చట్టం."

మావారు నావంక గెలిచినట్టు చూసి ఇంకో అట్టు వడ్డించుకున్నారు.

"ఆగన్నయ్యా, దాని కిందే ఇంకో ఉదాహరణ ఉంది. కొనేది ఆయన కూతురే అనుకో, అప్పుడే మైనారిటీ తీరిన పిల్ల. అప్పుడు మాత్రం జబ్బు సంగతి చెప్పడం ఆయన విధి."

అట్టు ముక్క ఆయన చేతిలో ఆగిపోయింది. కూతురికైతే చెప్పాలి, పరాయివాడికైతే అక్కర్లేదు. చట్టం ఎక్కడ గీత గీసిందో చూశారా! కోర్టు అంతకన్నా అడగలేదు కాబోలు. కానీ ఎవరి ఇంట్లోనూ కూతురూ కొడుకూ కానివాడు ఈ లోకంలో ఉన్నాడా?

మా మరిది చెయ్యి కడుక్కుంటూ వరండాలోకి చూశాడు. "అన్నట్టు ఇంకోటి. ఊరుకోవడం మోసం కాదు గానీ, తెలిసిన లోపాన్ని పనిగట్టుకుని కప్పిపెడితే మోసమే. అదీ ఆ సెక్షన్లోనే ఉంది. అవునూ, వరండా అద్దంలా మెరుస్తోంది, ఏమిటి విశేషం?"

నా గుండె జారిపోయింది. తెల్లవారుజామునే లేచి, బట్టలసోడా, కొబ్బరిపీచూ పట్టుకుని ఆ మరకని అరగంట తోమింది నేనే. ఎవరైనా ఇంటికొస్తున్నారంటే ఇల్లు కడగడం నాకు అలవాటు. అప్పుడు ఆ ఉద్దేశంతోనే చేశానా? ఏమో! ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. మావారి మౌనాన్ని గురించి రాత్రంతా ధర్మశాస్త్రం తిరగేసిన దాన్ని, నా పీచుముక్కని గురించి ఒక్క నిమిషం ఆలోచించలేదు. ధర్మరాజు సగం మాట గట్టిగానూ, సగం మాట మెల్లిగానూ అన్నాడని ఇన్నాళ్లూ ఆయన్ని ఆడిపోసుకున్నాను. ఆయన నయం. మెల్లిగానైనా అన్నాడు.

పదింటికి వాళ్లొచ్చారు. ఇరవై రెండేళ్ల కుర్రాడు, వాళ్లమ్మ. కుర్రాడి కళ్లన్నీ బండిమీదే. ఒక్క ప్రశ్న వేస్తే ఒట్టు. తల్లి మాత్రం వరండా అంతా కలయజూసి నాతో అంది. "ఏవండీ, మీ ఇల్లు చూస్తేనే తెలుస్తోంది, బండిని ఎంత బాగా చూసుకున్నారో. పాతబండి అంటే కింద నూనె కారుతూ ఉంటుందని భయపెట్టారు. ఇక్కడ ఒక్క చుక్క లేదు."

ఇంక నావల్ల కాలేదు. "పొద్దున్నే నేనే తోమేశానండీ," అన్నాను. గొట్టం పగిలిన సంగతీ, మార్చిన సంగతీ, మెకానిక్ వెళ్తూ అన్న మాటా అన్నీ చెప్పేశాను.

మావారు ఒక్క క్షణం నావంక చూశారు. తరవాత విచిత్రం జరిగింది. పాత టేపు ముక్కా, పగిలిన గొట్టమూ ఆయనే లోపల్నించి తెచ్చి చూపించారు. పెట్రోల్లో నూనె కలపమని చెప్పారు. అంతటితో ఆగక, వానలో హారను మోగదనీ, వెనక బ్రేకు కాస్త వదులనీ, నేనెరగని లోపాలు కూడా వరసగా చెప్పుకొచ్చారు. ఒకటి బయటపడ్డాక మిగతావి దాచడానికి ఆయనకి ఓపిక లేకపోయింది. ఇంజను విప్పి చూపించుకుంటానని కుర్రాడు మూడువేలు తగ్గించి బండి తీసుకెళ్లాడు. ఆ మూడువేలూ ఇప్పటికీ మా ఇంట్లో నెలకోసారి భోజనాల దగ్గర ప్రస్తావనకొస్తాయి.

అడిగితే చెబుదాం అన్న మాట నాకు కొత్తది కాదు. పెళ్లిసంబంధాల దగ్గర ఎన్నిసార్లు వినలేదు? అబ్బాయి తాగుడు సంగతి చెప్పారా అంటే, వాళ్లడగలేదుగా అంటాం. పిల్లకి వచ్చే మూర్ఛ సంగతో అంటే, తగ్గిపోయిందిగా అంటాం. మామిడాకులు కట్టి, ముగ్గులు పెట్టి, ఇల్లంతా అద్దంలా తుడిచి పెళ్లివారిని పిలుస్తాం. అడగవలసిందేమిటో తెలిస్తే వాళ్లు అడగరూ? తెలియదు కాబట్టే కదా మన గుమ్మంలోకి నమ్మకంతో వచ్చింది! మనకి తెలుసు, వాళ్లకి తెలియదు. చెప్పవలసిన బాధ్యత అక్కడే పుట్టింది. ఆ తరవాత దారిలో చక్రం బిగుసుకుపోయేనాటికి బండిమీద ఉండేది మనం కాదు, వాళ్లు.

బండి వెళ్లిపోయింది. గచ్చుమీద పాత మరక చాయ మాత్రం, ఎంత తోమినా, లీలగా మిగిలే ఉంది. మొన్న కడుగుతూ పీచు చేతిలోకి తీసుకున్నాను. మళ్లీ పక్కన పెట్టేశాను. ఎవరైనా అదేమిటని అడిగితే చెబుతాను. అడక్కపోయినా చెప్పేశానుగా, మీకు!