మాటలేని చిత్రము, మాటలాడని పొరుగువాడు



1978లో వచ్చిన ‘కరుణామయుడు’ చిత్రమును మన పల్లె సంఘములలో ఎరుగనివారు అరుదు. దానికి అర్ధ శతాబ్దము ముందుగా, 1927లో, అమెరికాలో సెసిల్ బి. డిమిల్ అను దర్శకుడు ‘ది కింగ్ ఆఫ్ కింగ్స్’ అను పేర క్రీస్తు చరిత్రను తీసెను. అది మూకీ చిత్రము. తెలుగు టాకీ 1932లో ‘భక్త ప్రహ్లాద’తో గాని మొదలు కాలేదు. డిమిల్ చిత్రములో నటుల పెదవులు కదలును గాని మాట వినబడదు. నడుమ నడుమ తెరపై అక్షరములు వచ్చును. వాటిలో అనేకము సువార్త అధ్యాయ వచనముల సంఖ్యలతో కనబడును.

నేడు దీనిని ఫోనులో చూడబోవువారికి కొంతసేపటికే విసుగు పుట్టును. పూర్తి చిత్రము రెండున్నర గంటలు గనుక వ్రేలితో ముందుకు జరుపబుద్ధియగును. అయితే పామిడి వద్ద పెన్న ఇసుకలో చెలమ తీసినవారికి ఒక సంగతి తెలియును. పైన తడి కనబడదు. త్రవ్వి, నీరు ఊరువరకు కూర్చుండినగాని కడవ నిండదు. ఈ చిత్రమును అట్టిదే.

అందులో చూపులేని ఒక చిన్నపిల్ల యేసునొద్దకు వచ్చును. అంతవరకు ఆయన ముఖము మనకు చూపబడదు. ఆ పిల్ల కన్నులు తెరువబడుచుండగా మొదట వెలుగు, పిమ్మట మెల్లమెల్లగా ఆయన ముఖము కనబడును. ఆమె చూచినప్పుడే మనమును చూతుము. ఓపికతో కూర్చున్నవారికి కన్నులు చెమర్చును.

ఆ కన్నీరు కనికరమేనా? మంచి సమరయుని ఉపమానమును తలంచుడి. దెబ్బలు తిని పడియున్నవాడు ఆ కథలో ఒక్క మాటయు పలుకడు. యాజకుడును చూచెను, లేవీయుడును చూచెను, సమరయుడును చూచెను. నిలిచినవాడు ఒక్కడే. అతనికి నూనె, ద్రాక్షారసము, రెండు దేనారములు ఖర్చాయెను. తెర ముందు కార్చు కన్నీటికి మనకు ఖర్చేమియు లేదు. హేరోదు కూడ యేసును చూడ మిగుల ఆశపడెను గాని, అతడు కోరినది అద్భుతము. తన యెదుట ప్రభువు మౌనముగా నిలువగా అపహసించి పంపివేసెను.

అట్లయిన చిత్రము చూచుట వ్యర్థమా? కాదు. మాటలాడని ముఖము నొద్ద ఓపికతో నిలుచుట అది మనకు నేర్పగలదు. అట్టి ముఖములు మన మధ్య లేవా? వాన లేక వేరుసెనగ ఎండినవాడు గుడిలో వెనుక కూర్చుండి, అడిగిన ‘బాగున్నాము’ అనును. బెంగుళూరు పనికి పోయిన కుమారుని కబురు రాని తల్లి ఏమియు చెప్పదు. దినమంతయు మిషను కుట్టి నడుము నొచ్చిన సహోదరి చిరునవ్వుతో పాట పాడును. వారి బాధను తెలుపుటకు నడుమ అక్షరములు రావు. మనమే వారి ముఖమును చదువవలెను.

వచ్చు ఆదివారము ఆరాధన ముగియగానే త్వరపడి ఇంటికి పోకుడి. మాటలాడని ఒకరి ప్రక్కన కొంతసేపు కూర్చుండుడి.