చిలుము

1877లో బాలుడైన నరేంద్రుడు ఎడ్లబండిపై చేరిన రాయపూర్ నగరమున నేడు వీధివీధిని మోటారు వాహనములే. అచటి మోవాలో ఒక గృహస్థునకు పాత కారు కలదనుకొందము. వానకాలపు ఉదయమున ఆయన తాళపుచెవి త్రిప్పును. దీపములు వెలుగును, హారను మ్రోగును. ఇంజను మాత్రము కదలదు. బ్యాటరీ పాడైనదని తలచి క్రొత్తదానికై బయలుదేరును. దోషము బ్యాటరీలో లేదు. టెర్మినళ్లపై పేరుకొనిన తెల్లని, నీలిపచ్చని చిలుములో కలదు.

దీపములు వెలుగుచుండగా ఇంజను ఏల కదలదు? చిలుమువలన ఓమ్‌లో 50వ వంతు నిరోధము కలిగినదనుకొనుడు. 5 ఆంపియర్లు కోరు దీపమునకు నష్టము వోల్టులో 10వ వంతే. సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్లు కోరునపుడు, 12 వోల్టులలో 3 వోల్టులు అచటనే నశించును.

మన నిత్యపూజయు, జపమును సుఖకాలమున ఆ దీపములవలె చక్కగా వెలుగును. ఆప్తుడు మరణించిన దినమున హృదయము మహాశక్తిని కోరును. అప్పుడు భగవంతుడు పలుకలేదని విలపింతుము. వేరొక మంత్రమును, వేరొక గురువును వెదకుదుము. శక్తికి కొరత లేదు, చెడినది సంబంధము.

ఈ చిలుము బాటమీది ధూళి కాదు. బ్యాటరీలోని గంధకామ్లమే సన్నని తుంపరయై వెలికివచ్చి లోహమును తినుటచే పుట్టినది. అట్లే, "ఇంత జపము చేసితిని" అను అభిమానము జపమునుండియే పుట్టును. లోకవాంఛలను విడిచినవానిని సైతము అది విడువదు.

శుద్ధికి ఒక క్రమము కలదు. కన్నులను, చేతులను కాపాడుకొని, ఇంజను ఆపి, ముందు ఋణధ్రువపు తీగను, పిదప ధనధ్రువపు తీగను విప్పవలెను. బ్యాటరీ మూతలు బిగించియుండగా, వంటసోడా కలిపిన నీటిని టెర్మినళ్లపై పోసిన, ఆమ్లము నురగలెత్తి శమించును. బ్రష్షుతో రుద్ది, కడిగి, తుడిచి, ఈసారి ధనధ్రువమును ముందుగా బిగింపవలెను. తొందరపడి సుత్తితో కొట్టినచో టెర్మినలే విరుగును. సాధకునకు పశ్చాత్తాపము సోడానీరు, ఆత్మనింద సుత్తి. మొదటిది మలినమును కరగించును, రెండవది మనస్సునే విరుచును.

కడిగినంత మాత్రమున పని ముగియదు. పెట్రోలియం జెల్లీ పూయనిచో చిలుము త్వరలోనే మరల పట్టును. మన పెద్దలు జిడ్డునకును, ప్రేమకును స్నేహమను ఒకే పేరు పెట్టిరి. తన సాధనను లెక్కింపక పొరుగువాని కష్టమును తలచు స్నేహమే హృదయమునకు పూత. కష్టదినము వచ్చువరకు వేచియుండక, నేడే మూత యెత్తి చూచుకొందము.